రేసు కారు ఫోటో: బండి పరుగెడుతున్నట్టు రావాలంటే షట్టర్ ఎంత పెట్టాలి?

మీరు అడిగింది కుదించి చెబితే ఇదీ. ఉండేది విజయవాడ. వచ్చే నెల చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో కార్ల రేసులకి వెళ్తున్నారు. చేతిలో కెనాన్ 1500డి, 55-250 ఎస్‌టీఎం లెన్సు ఉన్నాయి. కాజ టోల్‌గేటు దాటాక హైవే పక్కన నిలబడి ప్రాక్టీసు చేస్తే, 1/1000లో (అంటే షట్టర్ సెకనులో వెయ్యో వంతు సేపు తెరిచి ఉంటే) కారు రోడ్డు మీద పార్క్ చేసినట్టు వచ్చింది, 1/30లో కారూ రోడ్డూ కలిసి అలికినట్టు అయిపోయాయి. షట్టర్ ఎంత పెట్టాలి, లెన్సు మార్చాలా?

సూటిగా చెప్తాను. లెన్సు మార్చక్కర్లేదు. మీ ముందు నుంచి అడ్డంగా దూసుకెళ్లే కారుకి 1/250తో మొదలుపెట్టి, చెయ్యి కుదిరేకొద్దీ 1/160, 1/125, 1/80కి దిగండి. ఎదురుగా మీ వైపే వచ్చే కారుకి 1/1000 పెట్టండి. డబ్బు ఖర్చు పెట్టాలని ఉంటే 58 మి.మీ. ఎన్‌డీ8 ఫిల్టరు (లెన్సులోకి వెళ్లే వెలుగుని తగ్గించే నల్లటి అద్దం) ఒకటి కొనండి, అది మీ లెన్సు ముందు సరిపోతుంది. అదెందుకో కింద వస్తుంది.

ఈ అంకెల్ని బట్టీ పట్టొద్దు. ఇవి ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే ఏ మలుపు దగ్గరైనా మీరే లెక్క వేసుకోవచ్చు.

కారుతో పాటు కెమెరా తిప్పుతూ తీస్తే (ప్యానింగ్ అనేది ఇదే) వెనకున్న చెట్లు, బ్యానర్లు గీతలుగా సాగుతాయి. ఆ గీత పొడవు ఎంతుంటుందంటే, షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో కారు ఎంత దూరం నడిచిందో, ఫోటోలోని కారు సైజు ప్రకారం అంత. లెన్సు 55 అయినా 250 అయినా ఈ లెక్క మారదు. చక్రం తిరగడం కూడా ఇదే లెక్కలో వస్తుంది, ఎందుకంటే బండి నడిచిన దూరమే చక్రం దొర్లిన దూరం.

గంటకి 150 కి.మీ. అంటే సెకనుకి దాదాపు 42 మీటర్లు. 1/1000లో కారు నడిచేది 4 సెం.మీ. 1/250లో 17 సెం.మీ. 1/125లో 33. 1/60లో 70. 1/30లో దాదాపు మీటరున్నర. కారు చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. అంటే 1/1000లో చక్రం తిరిగేది ఏడెనిమిది డిగ్రీలే, ఊచలన్నీ విడివిడిగా కనపడతాయి, చూసేవాడికి బండి ఆగి ఉన్నట్టే. అయిదు ఊచల చక్రంలో ఊచకీ ఊచకీ మధ్య 72 డిగ్రీలు. కారు 40 సెం.మీ. నడిస్తే ఒక ఊచ పక్క ఊచ ఉన్న చోటికి వచ్చేస్తుంది, అప్పుడు చక్రం మొత్తం గుండ్రని పళ్లెంలా కలిసిపోతుంది.

మీ హైవే ఫోటోల సంగతి ఇప్పుడు తేలిపోతుంది. గంటకి 90 కి.మీ. అంటే సెకనుకి 25 మీటర్లు. 1/1000లో కారు రెండున్నర సెంటీమీటర్లు నడిచింది, అందుకే పార్క్ చేసినట్టుంది. 1/30లో 80 సెం.మీ. పైనే నడిచింది. అంత దూరం పాటు కెమెరా కారుతో సమానంగా తిరగాలి. కొత్తవాళ్ల చేతికి అది లొంగదు.

నా అంచనాలో షట్టర్ తెరిచి ఉండగా కారు నడిచే దూరం 20 నుంచి 35 సెం.మీ. మధ్య ఉంటే చక్రాలు తిరుగుతున్నట్టు తెలుస్తుంది, కారు మీది స్టిక్కర్లు చదవగలిగేలా వస్తాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు ఈ హద్దులోనే ఉండాలి. 60-70 దగ్గర బ్యాక్‌గ్రౌండ్ పూర్తిగా రంగుల గీతలైపోతుంది. చూడటానికి అదే బాగుంటుంది, కానీ చెడిపోయేవీ ఎక్కువే. మీటరు దాటితే అది సరదాకి తీసుకునే ఫోటో, బుర్రలో లెక్క పెట్టుకుని తీసేది కాదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. హెయిర్‌పిన్ మలుపు (కారు దాదాపు వెనక్కి తిరిగే మలుపు) దగ్గర కార్లు నెమ్మదిగా వస్తాయి కదా, ఇక్కడ సులువు అనుకుని అదే 1/250 ఉంచేస్తారు. అక్కడ వేగం గంటకి 60 అనుకుంటే సెకనుకి 17 మీటర్లు. 1/250లో నడిచేది 7 సెం.మీ. మాత్రమే. ఫోటో చచ్చుగా వస్తుంది. ఆ మలుపు దగ్గర 1/60కి దిగాలి, అప్పుడు 28 సెం.మీ. వస్తుంది. కారు నెమ్మదిస్తే షట్టరూ నెమ్మదించాలి. అలాగే ఒకే రోజు ఫార్ములా కార్లు, టూరింగ్ కార్లు వేర్వేరు రేసులు ఆడతాయి. ఒకే చోట నిలబడ్డా రేసు మారినప్పుడల్లా షట్టర్ మార్చుకోవాలి.

ఇంకో అపోహ కూడా ఉంది. బ్యాక్‌గ్రౌండ్ ఎంత దూరంలో ఉంటే అంత బాగా సాగుతుందని చెప్తుంటారు. కదలకుండా ఉన్నదేదైనా, కారు వెనక 2 మీటర్ల దూరంలో ఉన్నా 200 మీటర్ల దూరంలో ఉన్నా గీత పొడవు ఒకటే, ఎందుకంటే తిరుగుతున్నది కెమెరా. తేడా వచ్చేది వెనక ఏముందన్న దాంట్లో. ఉత్త ఆకాశం, సున్నం కొట్టిన గోడ పెడితే ఎంత సాగినా గీత కనపడదు. రంగు రంగుల టైర్ల గోడ, ప్రకటనల బోర్డులు, చెట్ల కొమ్మల మధ్య వెలుతురు, జనం నిండిన స్టాండు – ఇలాంటివి వెనక పడేలా నిలబడండి. నిలబడే చోటు ఎంచుకునేటప్పుడు కారు కంటే ముందు కారు వెనక ఏముందో చూడాలి.

ఒళ్లు ఎలా తిప్పాలి

చేతులతో కాదు, నడుముతో తిప్పాలి. కారు ఏ చోటికి వచ్చినప్పుడు నొక్కాలనుకుంటున్నారో పాదాలు అటు పెట్టి నిలబడండి. పాదాలు కదపకుండా నడుము మెలితిప్పి, కారు వచ్చే దిక్కుకి తిరిగి అక్కడే కారుని అందుకోండి. కారు దగ్గరికొచ్చేకొద్దీ ఆ మెలిక విడిపోతూ ఉంటుంది, నొక్కే చోట ఒళ్లు పూర్తి వదులుగా ఉంటుంది. చాలామంది దీన్ని తిరగేసి, కారు వచ్చే వైపు పాదాలు పెడతారు. నొక్కే సమయానికి నడుము బిగుసుకుపోయి ఉంటుంది, సరిగ్గా అక్కడే కెమెరా కుదుపుతుంది.

మోచేతులు పక్కటెముకలకి ఆనించండి. ఎడమ చెయ్యి లెన్సు కింద, బొటనవేలు పక్కకి. కన్ను వ్యూఫైండర్‌లోనే ఉండాలి, వెనక తెర చూస్తూ 1500డితో ప్యానింగ్ కుదరదు, లైవ్ వ్యూలో కెమెరా బాగా ఆలస్యం చేస్తుంది. నొక్కే ముందు కనీసం ఒక సెకను పాటు కారుని ఫ్రేములో పట్టుకుని ఉండాలి, చెయ్యి కారు వేగానికి అలవాటు పడటానికి ఆ మాత్రం కావాలి. షట్టర్ బటన్‌ని పొడవద్దు, మెల్లగా వేలు బరువు వేయండి. నొక్కాక వ్యూఫైండర్ ఒక్క క్షణం నల్లబడుతుంది. కొత్తవాళ్లు ఆ నలుపు చూసి ఆగిపోతారు, నిజానికి ఫోటో పడుతున్నది అప్పుడే. ఆ నలుపులోనూ తిప్పుతూనే ఉండి, కారు దాటిపోయాక ఇంకో అర సెకను తర్వాత ఆపండి.

చూపు కారు మొత్తం మీద కాకుండా ఒక్క గుర్తు మీద ఉండాలి. తెరిచిన ఫార్ములా కారైతే హెల్మెట్, టూరింగ్ కారైతే తలుపు మీది నంబరు. మధ్య ఫోకస్ పాయింటు ఆ గుర్తు మీంచి జారకూడదు.

మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) ఉంటే పై కిందల ఊగు తగ్గుతుంది. మీ లెన్సు తేలిక కాబట్టి తప్పనిసరి కాదు. ట్రైపాడ్ మాత్రం వద్దు, స్టాండులో పక్కవాళ్ల కాళ్లకి అడ్డం.

కారు ముక్కు మాత్రమే షార్ప్, వెనక భాగం మసక – ఎందుకు?

ఇది మీరు అడగలేదు గానీ 1/125 కిందికి దిగిన రోజు తప్పకుండా అడుగుతారు. ప్యానింగ్ బాగా కుదిరినా కారు ఒక కొస షార్ప్‌గా, ఇంకో కొస చెదిరి వస్తుంది. చెయ్యి తప్పు కాదు, కోణం తప్పు. కారు మీకు ఏటవాలుగా ఉన్నప్పుడు దగ్గరున్న కొస మీ కంటికి వేగంగా, దూరంగా ఉన్న కొస నెమ్మదిగా జరుగుతుంది. కెమెరా ఒక్క వేగంతోనే తిరగగలదు, ఏదో ఒక కొసకే సరిపోతుంది. కారు సరిగ్గా మీ ఎదురుకి, అడ్డంగా వచ్చినప్పుడు ఈ తేడా దాదాపు ఉండదు. 45 డిగ్రీల ఏటవాలులో బాగా ఎక్కువ.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, వెనక్కి జరిగి జూమ్ చెయ్యడం. 8 మీటర్ల నుంచి తీసిన కారుకి రెండు కొసల మధ్య కోణం చాలా ఎక్కువ, 33 మీటర్ల నుంచి తీస్తే తక్కువ. రెండోది, మలుపు లోపలి వైపు చోటు దొరికితే వదలొద్దు. కారు మీ చుట్టూ వంపు తిరుగుతుంది కాబట్టి దూరం మారదు, కారు మొత్తం ఒకే వేగంతో జరుగుతుంది, 1/30లో కూడా ముక్కు నుంచి తోక దాకా షార్ప్‌గా వచ్చే చోటు అదే. మలుపు బయటి వైపు నుంచి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్రేక్షకుల స్టాండ్లు ఎక్కువగా బయటి వైపే ఉంటాయి. అక్కడ 1/160 దగ్గర ఆగి, ఏటవాలు ఫోటో తీయాలనిపిస్తే కారు ముందు భాగం, డ్రైవర్ షార్ప్‌గా ఉంటే చాలనుకోండి. వెనక చక్రం మసకబారినా ఎవరూ తప్పు పట్టరు. డ్రైవర్ మసకైతే ఆ ఫోటో పనికిరాదు.

కెమెరాలో ఏం పెట్టాలి

మోడ్ డయల్ టీవీ (Tv) మీద, అందులో షట్టర్ మీరు పెడితే అపర్చర్ కెమెరా పెట్టుకుంటుంది. ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) ఆటో, పైహద్దు 1600. ఫోకస్ ఏఐ సెర్వో, అంటే కదిలే బండిని వెంటాడుతూ ఫోకస్ మార్చుకునేది. ఫోకస్ పాయింటు మధ్యది ఒక్కటే, ఈ కెమెరాలో ఉన్న తొమ్మిదింటిలో క్రాస్ రకం (నిలువు, అడ్డ గీతలు రెండింటినీ పట్టేది) అదొక్కటే, మిగతావి వేగానికి తడబడతాయి. మధ్య పాయింటుతో తీస్తే కారు నడిమధ్యకి వస్తుంది, ముందు ఖాళీ చాలదు. అందుకని జూమ్ కొంచెం తగ్గించి వదులుగా తీసి, ఇంటికొచ్చాక కారు ముందు చోటు ఉండేలా కత్తిరించుకోండి. 24 మెగాపిక్సెల్ కాబట్టి దిగులు లేదు. లెక్కకి, 33 మీటర్ల దూరంలో 135 మి.మీ. దగ్గర ఫ్రేములో పట్టేది సుమారు అయిదున్నర మీటర్ల వెడల్పు. నాలుగు మీటర్ల కారుకి అది ఇరుకే, 100 దగ్గర తీయండి.

ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి విడదీయండి. కస్టమ్ ఫంక్షన్లలో షట్టర్/ఏఈ లాక్ బటన్ అనే దాంట్లో 3 ఎంచుకుంటే వెనకున్న నక్షత్రం గుర్తు బటన్‌తో ఫోకస్, పై బటన్‌తో ఫోటో. కంచె స్తంభమో మార్షలో (ట్రాకు సిబ్బంది) మధ్యలో అడ్డమొచ్చినప్పుడు బొటనవేలు తీసేస్తే చాలు, ఫోకస్ కారు దూరంలోనే ఉండిపోతుంది.

1500డి సెకనుకి 3 ఫ్రేములే తీస్తుంది. 150 వేగంలో రెండు ఫ్రేముల మధ్య కారు 14 మీటర్లు వెళ్లిపోతుంది. అంచేత నొక్కి పట్టుకుంటే పని జరగదు, ఒక్కో కారుకి ఒక్కో ఫోటో అనుకుని సమయం చూసి నొక్కండి. సెకనుకి 20 తీసే కెమెరా ఉన్నవాళ్లకి ఈ విద్య ఎప్పటికీ రాదు, అది వేరే సంగతి.

అడ్డంగా పోయే కార్లకి ఫోకస్ పెద్ద సమస్య కాదని కూడా చెప్పాలి. 135 మి.మీ., ఎఫ్/7.1 (ఎఫ్ అంకె అపర్చర్‌ది, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రానిది; అంకె పెరిగితే రంధ్రం చిన్నది), 33 మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే సుమారు 26 నుంచి 43 మీటర్ల దాకా షార్ప్‌గా ఉంటుంది. రేసు కార్లన్నీ దాదాపు ఒకే గీత మీద పోతాయి. ఆ చోట తారు మీద ఫోకస్ చేసి లెన్సుని ఎంఎఫ్‌కి (చేత్తో ఫోకస్ చేసే స్థితికి) మార్చేసినా పని జరుగుతుంది, ఆటోఫోకస్ కంచెని పట్టుకుని సతాయిస్తున్నప్పుడు ఇదే దారి. కెమెరా నిద్రపోయి లేచాక మాత్రం ఫోకస్ మళ్లీ సరిచూసుకోండి.

ఐఎస్ (చేతి ఊగుని సరిచేసే ఏర్పాటు) గురించి: మోడ్ 2 స్విచ్ ఉన్న లెన్సులైతే అది పెట్టాలి, అది పై కిందల ఊగుని మాత్రమే సరిచేస్తుంది. మీ లెన్సుకి ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్నాయి. రెండు రకాలుగానూ తీసి మీ చేతికి ఏది నప్పితే అది ఉంచుకోండి.

ఎండ, కంచె, ఎన్‌డీ ఫిల్టరు

మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర 1/125కి ఎఫ్/14, 1/60కి ఎఫ్/20 వస్తాయి. ఎఫ్/20లో రెండు గొడవలు. కాంతి చిన్న రంధ్రంలోంచి పోయేటప్పుడు చెదిరి ఫోటో మొత్తం మెత్తబడుతుంది, పైగా సెన్సర్ మీది దుమ్మంతా ఆకాశంలో నల్ల చుక్కలుగా తేలుతుంది. ఎన్‌డీ8 మూడు స్టాపుల వెలుగు తగ్గిస్తుంది (ఒక్కో స్టాపుకి వెలుగు సగం అవుతుంది), 1/60కి ఎఫ్/7.1 చాలు.

కంచె ఉంటే ఇది ఇంకా ముఖ్యం. తీగ మెష్ మాయం కావాలంటే అపర్చర్ పెద్దగా తెరిచి ఉండాలి. షట్టర్ నెమ్మదిగా ఉంటే ఎండలో అపర్చర్ మూసుకుంటుంది. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు, ఫిల్టరు లేకుండా రాజీ కుదరదు. ఎఫ్/16లో తీసి మెష్ బూడిద రంగు పొరలా ఫోటో అంతా పరుచుకుందని బాధపడేవాళ్లు ఎక్కువ. కంచె దగ్గరే నిలబడే పనైతే ఎన్‌డీ16 ఇంకా మేలు, 1/60కి ఎఫ్/5 దాకా తెరవచ్చు. లెన్సు హుడ్ తీసేసి ముందు అద్దాన్ని మెష్‌కి వీలైనంత దగ్గర పెట్టండి, కానీ ఆనించొద్దు, ప్యానింగ్‌లో గీతలు పడతాయి. తీగ మీద ఎండ పడుతుంటే మెరిసి తెల్లటి పొర వస్తుంది, నీడ పడిన భాగం వెతుక్కోండి. స్టాండు పై వరసలకి వెళ్తే కంచె తల మీంచి ట్రాకు కనపడే చోటు దొరకొచ్చు, ముందు అది చూడండి. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరిలో జరిగిన ఫార్ములా ఈ లాంటి వీధి సర్క్యూట్లలో కాంక్రీటు గోడ, దాని మీద కంచె తప్పవు, అక్కడ ఈ చిట్కాలన్నీ కావాలి.

ఎన్‌డీ వేస్తే వ్యూఫైండర్ కొంచెం చీకటిగా ఉంటుంది. సాయంత్రం నాలుగున్నర, అయిదు దాటాక తీసేయండి. మర్చిపోతే ఆటో ఐఎస్ఓ చప్పుడు లేకుండా 1600 దాకా ఎక్కేస్తుంది.

తెల్ల కారుకీ నల్ల కారుకీ కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మోసపోతుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌తో మీరే సరిచేయాలి. తెల్ల కారు ఫ్రేము నిండా ఉంటే +2/3, నల్లదైతే -2/3. హెడ్‌లైట్లు వెలిగించి వచ్చే కారు ఫోటోని చీకటి చేస్తుంది, దానికి +1 దాకా.

ఎదురుగా వచ్చే కారు

ఇక్కడ ప్యానింగ్ ఉండదు, 1/1000 లేదా 1/1250. కష్టమంతా ఫోకస్‌దే. 250 మి.మీ., ఎఫ్/5.6, 40 మీటర్ల దగ్గర షార్ప్‌గా ఉండే లోతు అయిదున్నర మీటర్లే. గంటకి 144 కి.మీ. కారు దాన్ని సెకనులో ఏడో వంతులో దాటేస్తుంది. మీ కెమెరా దీనికి తూగదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలిగా. మలుపు లోపలి అంచున ఎరుపు తెలుపు కెర్బ్ ఉంటుంది, దాని మీద ముందే ఫోకస్ పెట్టి ఎంఎఫ్ చేసి, కారు చక్రం కెర్బ్ ఎక్కడానికి రెండు మూడు మీటర్ల ముందే నొక్కండి. వేలు నొక్కాక ఫోటో పడే లోపు కారు ఆ దూరం నడుస్తుంది. నెమ్మది మలుపుల దగ్గర ఇది బాగా కుదురుతుంది. కెర్బ్ మీద ఎగిరిన చక్రం, పక్కకి తిప్పిన ముందు చక్రాలు ఉంటే 1/1000లో ఆగినా వేగం తెలుస్తుంది. తిన్నగా ఉన్న రోడ్డు మీద ఎదురుగా వచ్చే కారుని 1/1000లో తీస్తే షోరూమ్ ఫోటోలా ఉంటుంది.

మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా ఈ రకం ఫోటోలు మానేయండి. తారు మీంచి లేచే వేడి గాలి కారుని నీళ్లలో చూసినట్టు వణికిస్తుంది. షట్టర్ ఎంత పెంచినా, ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా పోదు, దూరం ఎక్కువయ్యేకొద్దీ, నేలకి దగ్గరయ్యేకొద్దీ పెరుగుతుంది. మన బెజవాడ ఎండలో పెరిగినవాళ్లకి దీని గురించి వివరించక్కర్లేదు. ఆ వేళల్లో దగ్గరి ప్యానింగ్ చేసుకుని, ఎదురు ఫోటోలు పొద్దున మొదటి సెషన్‌కి, సాయంత్రానికి ఉంచుకోండి.

వెళ్లేలోపు ప్రాక్టీసు ఎక్కడ

టోల్‌గేటు దాటిన చోటు వద్దు. అక్కడ బండ్లన్నీ వేగం అందుకుంటూ ఉంటాయి, మీ నడుము ఒక వేగానికి అలవాటు పడేలోపు కారు ఇంకో వేగానికి వెళ్లిపోతుంది. సమవేగంతో పోయే చోటు కావాలి. విజయవాడ–గుంటూరు హైవేకి సర్వీసు రోడ్డు, రెయిలింగ్ ఉన్న చోట రెయిలింగ్ ఇవతల, కారు లేన్ నుంచి 20 మీటర్ల దూరంలో నిలబడండి. 20 మీటర్ల దూరంలో 90 వేగంతో పోయే కారుకీ, 33 మీటర్ల దూరంలో 150తో పోయే రేసు కారుకీ కెమెరా తిరగాల్సిన వేగం ఒక్కటే, సెకనుకి 72 డిగ్రీలు. 8 మీటర్ల దూరంలో 36 వేగంతో పోయే ఆటోకి కూడా అదే. కాబట్టి బందరు రోడ్డు ఫుట్‌పాత్ మీద ఆటోలతో నడుముకి నేర్పించేది రేపు ట్రాకులో పనికొస్తుంది. షట్టర్ మాత్రం వేగాన్ని బట్టి: హైవే కారుకి 60 మి.మీ. జూమ్, 1/80. ఆటోకి 55 మి.మీ., 1/30. రెండింట్లోనూ బండి నడిచేది 30 సెం.మీ. పైచిలుకే, ట్రాకులో 1/125తో వచ్చే ఫోటోకి ఇవి సమానం. ఆటో ఫోటోల్లో కొసలు చెదిరితే కంగారు పడకండి, 8 మీటర్ల దగ్గర ఆ కోణం తప్పదు. నంబరు ప్లేటు వైపు కాదు, డ్రైవర్ ముఖం షార్ప్‌గా ఉందా చూడండి.

గుంటూరు వైపు ఉండేవాళ్లకి ఇన్నర్ రింగ్ రోడ్డు, అమరావతి వైపు సీడ్ యాక్సెస్ రోడ్డు పొద్దున్నే బాగుంటాయి. ప్రకాశం బ్యారేజీ మీద వద్దు, ఇరుకు, పైగా బండ్లు మీకు మరీ దగ్గర. డివైడర్ మీద నిలబడటం అసలే వద్దు. పొద్దున ఆరున్నర, ఏడు మధ్య సూర్యుడు మీ వెనక పడేలా రోడ్డుకి తూర్పు వైపు నిలబడితే బండి మీద వెలుగు చక్కగా పడుతుంది.

70-200 ఎఫ్/2.8 వాడి చూడాలనిపిస్తే కొనక్కర్లేదు, పెళ్లి ఫోటోగ్రాఫర్లకి సామాను అద్దెకిచ్చే షాపుల్లో రోజు అద్దెకి దొరుకుతుంది. ఒకటిన్నర కిలో బరువు రోజంతా తిప్పాలని మాత్రం గుర్తుంచుకోండి, ప్యానింగ్‌కి తేలిక లెన్సే నాకు ఇష్టం.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని రకం) కెమెరా ఉన్నవాళ్లకి ఒక మాట. ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టొద్దు. మామూలు సెన్సర్ ఫ్రేముని పైనుంచి కిందికి వరసగా చదువుతుంది, ఆ కాస్త సేపట్లో కారు జరిగిపోయి చక్రాలు కోడిగుడ్డులా సాగుతాయి, ప్యానింగ్ చేస్తే వెనక స్తంభాలు ఒరిగిపోతాయి. మెకానికల్ షట్టర్ పెట్టండి. నికాన్ జెడ్9, జెడ్8 లాంటి వేగంగా చదివే సెన్సర్లకి, గ్లోబల్ షట్టర్ (ఫ్రేము మొత్తాన్ని ఒకేసారి చదివేది) ఉన్న సోనీ ఏ9 3కి ఈ బాధ లేదు. రాత్రి రేసుల్లో, 2024లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ జరిగిన ఫార్ములా 4 లాంటి వాటిలో, ఎల్‌ఈడీ బోర్డులు చారలు చారలుగా రావడానికీ కారణం ఇదే.

ట్రాకు దగ్గర: మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ (ఇరుంగాట్టుకోట్టై ట్రాకు పేరు ఇదే) ల్యాప్, అంటే ఒక చుట్టు, 3.7 కి.మీ. కాబట్టి ఒక కారు మీ ముందుకి మళ్లీ రావడానికి కొంత సమయం ఉంటుంది. ఆ ఖాళీలో ఒక్క ఫోటో మాత్రమే పెద్దది చేసి చూసి షట్టర్ సరిచేసుకోండి, రోజంతా తెర చూస్తూ కూర్చోవద్దు. రేసుల్లో కంటే ప్రాక్టీసు, క్వాలిఫైయింగ్ సెషన్లలో కార్లు విడివిడిగా వస్తాయి, మీకు పనికొచ్చే ఫోటోలు అక్కడే ఎక్కువ. మీడియా పాస్ లేకుండా బారికేడ్ దాటొద్దు, ఫ్లాష్ వాడొద్దు. ఏసీ గదిలోంచి చెన్నై ఉక్కలోకి కెమెరా తీస్తే అద్దం మీద తేమ పడుతుంది, బ్యాగు జిప్ తీయకుండా అరగంట బయట ఉంచండి. రా ఫైళ్లు (కుదించని పెద్ద ఫైళ్లు) పెడితే ఈ కెమెరా బఫర్, అంటే కార్డుకి రాసేలోపు ఫోటోలు ఆగే చోటు, త్వరగా నిండుతుంది, ఈ పనికి జేపెగ్ చాలు.

చెడిపోయిన ఫోటోలు అక్కడికక్కడే తుడిచేయకండి, ఏం తప్పు జరిగిందో అవే చెప్తాయి. కారు మీద మెరిసే చుక్క ఏదైనా వెతకండి, హెడ్‌లైటు అంచో, అద్దం మీద ఎండ మెరుపో. 100 శాతానికి పెంచి దాని ఆకారం చూడండి. ఆ చుక్క అడ్డగీతగా సాగితే మీరు కారు కంటే వేగంగానో నెమ్మదిగానో తిప్పారు, ఇంకా ముందు నుంచి కారుని అందుకోండి. నిలువుగా సాగితే మోచేతులు గాలిలో ఉన్నాయి. కొక్కెంలా వంగితే నొక్కిన క్షణంలో చెయ్యి కుదిపింది, లేదా తిప్పడం ఆపేశారు. చుక్క చుక్కలాగే ఉండి కారు ఒక కొసన మాత్రమే చెదిరితే కోణం తప్పు, ఇందాక చెప్పిందే. వెనక గీతలు అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఉంటే కెమెరా సమంగా తిప్పలేదు, భుజం ఒరిగింది. ఏ దిక్కుకీ గీత లేకుండా అంతా మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది, లేదా వేడి గాలి. ఈ ఆరింటిలో మీకు పదే పదే వచ్చేది ఒకటో రెండో ఉంటాయి. హైవే మీద తీసిన ఆ 1/30 ఫోటోలు ఇంకా ఉంటే ముందు వాటితోనే మొదలుపెట్టండి.